రైట్ రైట్

ఎలిస్టన్‌లో మొన్న సాయంత్రం
కుళాయి కొయ్యని గుద్దేశాను.
తప్పు నాది కాదు.
వెనక నిలబడి శశాంక్ "రైట్ రైట్" అన్నాడు,
నేను కుడికి తిప్పాను.

తణుకు డిపో కండక్టరు గారబ్బాయి.
ఆ ఇంట్లో రైట్ రైట్ అంటే పోనీయమని.
అన్నం వడ్డించేటప్పుడు కూడా
ఇంకొంచెం అంటే రైట్, చాలంటే హోల్డాన్.
పన్నెండేళ్ళ కాపురంలో నాకీ సంగతి తెలుసు.
స్టీరింగ్ పట్టుకున్న చేతులకి తెలీదు.

కొయ్య ఒరిగింది, కుళాయి ఊడింది,
నీళ్ళు నిలువెత్తు లేచి
పక్కవాళ్ళు ఆరేసుకున్న తువ్వాళ్ళ మీద పడ్డాయి.
మడత కుర్చీల్లో ముసలాళ్ళు
మ్యాట్నీకి వచ్చినట్టు చూశారు.
బాబిగాడు చప్పట్లు కొట్టాడు.

ఆ రాత్రి కారవాన్‌లో మాటల్లేవు.
ఏడడుగుల వెడల్పు పెట్టెలో
అలగడానికి చోటేది?
అటు తిరిగి పడుకుంటే ఫ్రిజ్జు,
ఇటు తిరిగితే మొగుడు.
గాలి తెల్లవార్లూ రేకుని గోళ్ళతో గీకుతూనే ఉంది.

పొద్దున్న ఉప్మా కూడా మౌనంగానే ఉడికింది.
ధాత్రి మా మధ్య పోస్టుమాన్ ఉద్యోగం చేసింది.
"అమ్మా, నాన్న ఉప్పడుగుతున్నాడు."
"నాన్నా, ఉప్పు నీ మోచేతి దగ్గరే ఉందట."

బయల్దేరుతుంటే నోరీన్ అనే ఆవిడొచ్చింది.
పదకొండేళ్ళుగా ఒక్కతే కారవాన్ లాగుతోందట.
"చక్రం పైన కాదమ్మాయ్, అడుగున పట్టుకో.
తోక ఎటు వెళ్ళాలో చెయ్యి అటు జరుపు. అంతే."
తువ్వాళ్ళు ఆవిడవే.

స్ట్రీకీ బే నూట పాతిక కిలోమీటర్లు.
ఉత్తరానికి పోతున్నాం, సముద్రం ఎడమన,
ఎడమ సీట్లో అతను.
ఎక్కడైనా నీలం తొంగిచూస్తే
నేనది చూడాలంటే
అతని ముఖం మీదుగా చూడాలి.

చూడకూడదనుకున్నాను.
కుడిపక్క కోసేసిన గోధుమ చేలు,
సున్నపురాళ్ళ గోడలు, గొర్రెలు.
గొర్రెల్ని ఎంతసేపని చూస్తాం?

తల తిప్పితే మొదట చెవి,
చెవి అంచున నిన్నటి ఎండకి లేచిన పొర,
దాని వెనక కొండచరియ,
చరియ కింద తెల్లగా, ముక్కలుగా నీళ్ళు.
గెడ్డంలో రెండు నెరిసిన వెంట్రుకలు.
వాటి మధ్యలోంచి ఓ పడవ పోయింది.
చూస్తున్నది సముద్రాన్నేనని అతనికి తెలియాలని
గట్టిగా చూశాను.
అతను పక్క అద్దంలో టైర్లు చూస్తున్నట్టు నటించాడు.

వీనస్ బే మలుపు దాటాక
రోడ్డు మధ్య ఈము పక్షి.
వెనక చారల చారల పిల్లలు, ఏడో ఎనిమిదో.
బ్రేకు తొక్కాను. వెనకున్న టన్నున్నర ఇల్లు
నన్నోసారి ముందుకు తోసి, ఆలోచించి, ఆగింది.
లోపల పప్పుల డబ్బా బోర్లాపడిన చప్పుడు.

"అది అమ్మ కాదు" వెనక సీట్లోంచి ధాత్రి,
"నాన్న. గుడ్లు పొదిగేది నాన్నే.
యాభై రోజులు అన్నం తినడు."
"మరి వాళ్ళమ్మ?" అన్నాడు బాబిగాడు.
"డ్రైవింగ్‌కి వెళ్ళింది" అన్నాడు శశాంక్, కిటికీతో.
నవ్వు రానివ్వకూడదనుకున్నాను.
ముక్కులోంచి వచ్చింది.

ఆఖరి పిల్ల రోడ్డు మధ్యలో చతికిలబడింది.
ఆ తండ్రి వెనక్కొచ్చి పక్కన నిలబడ్డాడు.
అరవలేదు.
మేం నలుగురం, మా వెనక ఓ లారీ, ఆగాం.

స్ట్రీకీ బేలో మాది పద్నాలుగో నంబరు.
అటో చెట్టు, ఇటో నీలం బోటు,
మధ్యన మా వెడల్పుకి మూరెడు ఎక్కువ.
మళ్ళీ మడత కుర్చీలు. మళ్ళీ మ్యాట్నీ.
చక్రం అడుగున పట్టుకున్నాను.
అద్దంలో శశాంక్ చెయ్యెత్తాడు,
నోరు తెరిచాడు, మూశాడు.

తోక ఎటు వెళ్ళాలో చెయ్యి అటు.
టైర్ల కింద గవ్వల నుసి నలిగింది,
బోటు జరిగింది, చెట్టు జరిగింది,
అద్దంలో అతనూ, అతని వెనక
ఆటు తీసిన సముద్రమూ మిగిలారు.

రేకు మీద రెండుసార్లు తట్టాడు.
"హోల్డాన్."
మెల్లగా,
కంచానికి చెయ్యి అడ్డం పెట్టినట్టు.

లోపల కందిపప్పు ఇంకా ఏరాలి.